ఏడో గాటు

నాలుగయింది. ఇంకో ముప్పావుగంట వరకు ఆ ఇత్తడి డబ్బా మూత తీయకూడదు. తీస్తే లోపలున్న పిడి వంకర తిరుగుతుంది, వంకర తిరిగితే చేతికి కుదరదు, కుదరకపోతే ఐదింటికి నర్సమ్మ చేతికర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చి, కారులో కూర్చుని, ఊహూఁ అని తల అడ్డంగా ఊపి లేచిపోతుంది, రేపు పొద్దున కొనేవాడు వచ్చి బండిని తోలుకుపోతాడు. సంగతి ఇంతే, ఇందులో మెలికలేం లేవు. అందుకే నర్సమ్మ మొగుడు పళ్ళ మేస్త్రి ఆ డబ్బాను షెడ్డు గూట్లో పెట్టి, దానికి వీపు తిప్పి, కారు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఇలాంటి డబ్బాల్లోనే కట్టుడు పళ్ళు ఉడకబెట్టి, చల్లార్చి, విప్పుతున్న మనిషే, అయినా ప్రతిసారీ వేళ్ళు దురద పెడతాయి. చల్లారకముందు తీస్తే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు, ఎందుకంటే పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి తీసి చూశాడు. గురువు మొట్టికాయ వేసి, "కోడి గుడ్డు మీద కూర్చుంటుంది గానీ, ఎంతవరకొచ్చిందో అని పగలగొట్టి చూసుకోదురా" అన్నాడు. ఆ మొట్టికాయ తగిలిన చోట ఇప్పుడు జుట్టు లేదు, బుద్ధి మాత్రం అక్కడే ఉంది. మూసి ఉన్నది ఏదైనా సరే విప్పి చూడాలి ఆయనకు. గడియారం, రేడియో, ఇస్త్రీపెట్టె, ఒకసారి పక్కింటివాళ్ళ తలుపు తాళం. విప్పినవన్నీ మళ్ళీ బిగించేవాడు గానీ ప్రతిసారీ ఒకటో రెండో మరలు మిగిలిపోయేవి, వాటిని సీసాలో దాచి, ఇవి లేకపోయినా నడుస్తోందంటే చేసినవాడే దండగ మరలు పెట్టాడని వాదించేవాడు.

పిడి చిగుళ్ళ రంగులో ఉంటుంది. ఏం చేస్తాం, ఇంట్లో ఉన్న పొడి ఆ రంగుదే. కట్టుడు పళ్ళకు చిగుళ్ళుగా పోసే ఆ పొడినే ముద్ద చేసి, నర్సమ్మ గుప్పిటి అచ్చులో పోసి, వంటింట్లో పాలగిన్నెలో ఉడకబెట్టాడు, ఆ గిన్నె సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ఆ పిడి ఒక ఇనప కడ్డీ చివర కూర్చోవాలి. కడ్డీ స్టీరింగు కింద కుడిపక్కగా ఉంటుంది, ముందుకు నెడితే బ్రేకు, దగ్గరకు లాగితే వేగం. అంటే కుడికాలు చేయాల్సిన చాకిరీ అంతా కుడిచేతికి అప్పజెప్పడం. ఎడమకాలు బంగారంలా ఉంది, క్లచ్ అది చూసుకుంటుంది. వెన్నుకు ఆపరేషన్ అయి పదకొండు నెలలు, నొప్పి పోయింది గానీ పోతూ పోతూ కుడిపాదాన్ని పట్టుకుపోయింది, వేళ్ళు పైకి లేవమంటే లేవవు, చెప్పులో కాలు పెట్టేటప్పుడు కిందికి చూసి పెట్టాలి. ఇరవై ఒక్క ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి మంచం పట్టినవాళ్ళకు కట్లు మార్చి, సూదులు వేసి, వీపు పుళ్ళు కడిగిన మనిషి, ఇప్పుడు ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి, గోడ వచ్చింది కదా అని ఆగిపోతోంది. ఎవరితోనూ పోట్లాడదు, అదే ఆయనకు భయం. పూర్వం పోట్లాడేది. ఆమె తిరిగిన కారు చిన్నది, దాని పేరు బుడ్డి, ఆమె పెట్టిన పేరే. పాలమీగడ రంగు, వెనక ఇద్దరు కూర్చుంటే మూడోవాడు ఒళ్ళో కూర్చోవాలి, పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు దాని సైలెన్సరు చప్పుడు వీధి మొదట్లోనే వినిపించేది. ఆమె తమ్ముడే ఆ సైలెన్సర్లు వంచేవాడు, ఊరంతా అతణ్ణి గొట్టం అంటారు, బావ కూడా అదే అంటాడు, కాస్త ఎక్కువ ప్రేమగా.

కడ్డీ గొట్టమే చేశాడు. "బావా, ఇది మనం చేసేస్తే అయిపోదు, లైసెన్సు ఆఫీసువాళ్ళు చూసి సరే అనాలి, అప్పుడే రోడ్డు" అని మొదటే చెప్పాడు. అది తర్వాతి మాట, ముందు ఆమె సరే అనాలి. మొదట్లో అంది కూడా. ఒక సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళలో మెత్తబడిన మైనం ముద్ద చేతిలో పెట్టి, గట్టిగా పట్టుకో, బ్రేకు అనుకో అంటే, ఆమె ఆయన ముఖం చూసి, "మీ మెడ అనుకుంటాలెండి, ఇంకా బాగా వస్తుంది" అని పిసికింది. పదకొండు నెలల్లో నవ్వడం అదే మొదలు. అచ్చు ఎంత బాగా వచ్చిందంటే చూపుడువేలి మీద ఎప్పటిదో సీసా కోసుకున్న గీత కూడా పడింది. నోరు చూడకుండా పళ్ళు చేయకూడదు, చేయి చూడకుండా పిడి చేయకూడదు, అంతా పద్ధతి ప్రకారమే చేశాడు. మరి పోయిన గురువారం పొద్దున ఏమైంది? లేచీ లేవగానే, ముఖమైనా కడుక్కోకుండా, బండి అమ్మేద్దామండీ అంది. ఎందుకు అంటే ఎందుకో లేదు. కాలు నొప్పా? కాదు. భయమా? కాదు. మరి? "మరేం లేదు. ఇంత కష్టపడ్డారు గనక ఆదివారం ఐదింటికి వచ్చి ఒక్కసారి కూర్చుంటాను. వద్దనిపిస్తే సోమవారం కొనేవాణ్ణి రమ్మనండి, మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు." బుధవారం రాత్రి వరకు బాగున్న మనిషి గురువారం పొద్దునకు ఎందుకు మారిపోయింది? నాలుగు రోజులుగా ఆయన బుర్రలో జోరీగలా తిరుగుతోంది ఇది. అడిగితే చెప్పదు, చెప్పకపోతే ఊరుకోలేడు.

డబ్బా వైపు చూడకూడదు. చూడకుండా ఉండాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి, ఉంది, డ్రైవరు సీటు. మధ్యాహ్నమే నాలుగు బోల్టులూ విప్పి సీటును బయటికి లాగి నేల మీద బోర్లా పడుకోబెట్టాడు. నిజానికి దాన్ని విప్పాల్సిన పనే లేదు. గొట్టం నిన్న వచ్చి సీటు కింద పట్టాకు కుడిపక్క పెన్సిలంత లావు బెజ్జం వేసి పోయాడు, అందులో బోల్టు దూర్చి బిగిస్తే సరి, సీటు ఇక కదలదు. కదలకూడదు కూడా. ఎందుకంటే బ్రేకు కాలితో తొక్కేటప్పుడు ఒకటి, చేత్తో నెట్టేటప్పుడు ఒకటి. చేత్తో ముందుకు నెడితే ఒళ్ళు వెనక్కి పోతుంది, తన్నిపెట్టి ఆపుకుందామంటే కుడికాలు సాయం రాదు, సీటు గనక పట్టు తప్పి వెనక్కి జారితే చేయి బ్రేకుకు అందదు. సీటు ఊపి చూసి గొట్టమే కనిపెట్టాడు, లోపల కొక్కెం పట్టు వదులుగా ఉంది బావా అని. నడిపేది అక్క ఒక్కతే కదా, ఆమెకు సరిపోయే చోట పెట్టి బిగించేస్తే పీడా పోతుందన్నాడు. మాట సబబే. కానీ కనపడని చోట బోల్టు వేయడమంటే పళ్ళ మేస్త్రికి చూడని నోట్లో పన్ను పెట్టినట్టే, అందుకని విప్పాడు, విప్పి కిరసనాయిలు గుడ్డతో పట్టాల మీద ఇరవై ఏళ్ళ జిడ్డు తుడిచాడు, తుడిచాక కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకుని, బాగా కనిపించే కుడికన్ను దగ్గరగా ఆనించి చూశాడు. ఎడమకన్ను పుట్టుకతోనే మసక, ఆ మసక వల్లే ఆయనకు లైసెన్సు రాలేదు, ఈ కారును ఒక్కరోజు కూడా నడపలేదు, ఈ సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. పక్క సీటు ఆయనది, అదీ సెలవురోజుల్లో.

పట్టాకు ఏడు గాట్లు ఉన్నాయి. కొక్కెం ఏ గాట్లో పడితే సీటు అక్కడ ఆగుతుంది. మొదటిది స్టీరింగుకు దగ్గర, ఏడోది ఆ చివర. నర్సమ్మది పొట్టి ఒళ్ళు, రెండో గాట్లో పెట్టుకుని నడిపేది, ఆ రెండోది అరిగిపోయి అంచులు గుండ్రంగా తేరి అద్దంలా మెరుస్తోంది, అనుకున్నదే. ఒకటి, మూడు, నాలుగు, ఐదు, ఆరు, వీటి అంచులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా పదునుగా ఉన్నాయి, నల్లరంగు కూడా పోలేదు. ఏడోది చూసి ఆయన అద్దం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏడోది కూడా అరిగింది. కొంచెం కాదు, రెండోది ఎంత అరిగిందో అంతా అరిగింది. గోటితో తడిమి చూశాడు. కళ్ళు అబద్ధం చెబుతాయి, గోరు చెప్పదు. అరిగింది. అంటే ఈ సీటు రోజూ చిట్టచివరికి పోయేది. రోజూ పోయి రోజూ తిరిగొచ్చేది. పొట్టిమనిషి, ఏడో గాట్లో కూర్చుంటే కాలు క్లచ్‌కు అందనే అందదు, నడపడం కాదు కదా తాళం తిప్పడానికే ముందుకు వంగాలి. మరి ఎందుకు?

నాలుగూ పది. పంటి అరుగుదల చూసి మనిషి గురించి చెప్పగలడు ఆయన, నర్సమ్మ దాన్ని చిలకజోస్యం అని వెక్కిరించేది గానీ అది జోస్యం కాదు. ఎడమవైపు పళ్ళే అరిగాయంటే కుడివైపు ఎప్పటిదో నొప్పి దాచుకున్నాడని. ముందుపళ్ళ మధ్య సన్నటి గాడి పడిందంటే దారం కొరికే అలవాటు, దర్జీ. అన్నీ సమానంగా చదునుగా అరిగాయంటే నిద్రలో పళ్ళు నూరుతాడని, పగలు ఎవరితోనో అనలేని మాటలున్నాయని. ఒకసారి కొరికితే పన్ను విరుగుతుంది, అరగదు. అరగాలంటే రోజూ ఉండాలి, ఏళ్ళ తరబడి ఉండాలి. ఇనుము అంతకన్నా మొండిది. మెకానిక్కులు ఏడాదికోసారి వెనక్కి జరిపి ఉంటారు, ఇరవై ఒక్కసార్లు, దానికి నల్లరంగు కూడా పోదు. ఎవరో పొడుగువాడు నడిపి ఉండాలి. ఎవరు? ఆ మాట అనుకోగానే ఆయన మనసు ఆయన్నడక్కుండానే ఆమెను ఇళ్ళకు పంపే ఆసుపత్రి గుమ్మం దాకా పోయి, అక్కడ డాక్టరును చూసి ఆగింది. ఆరడుగుల మనిషి. ఒకసారి వానలో ఆ డాక్టరు బండి మొరాయిస్తే నర్సమ్మే ఇంటి దగ్గర దింపింది, ఆ సంగతి ఆమే చెప్పి, మడిచిన మంచంలా కూర్చున్నాడండీ పాపం అని నవ్వింది. ఎందుకు నవ్వింది? అనుమానం పెనుభూతం అంటారు, అది పట్టుకోవడానికి వయసుతో పని లేనట్టుంది, అరవై నాలుగేళ్ళవాడు సీటు పక్కన గోనెపట్టా మీద కూర్చుని, చేతిలో గ్రీజు గుడ్డతో, డాక్టరు కాళ్ళ పొడవు లెక్క వేస్తున్నాడు. ఆ డాక్టరు వచ్చి ఆరేళ్ళే కదా అని గుర్తొచ్చింది. ఈ అరుగుదలకు ఆరేళ్ళు చాలవు, రెండో గాటుకు ఎన్నేళ్ళో ఏడో గాటుకూ అన్నేళ్ళు. చీ, ఏం బుద్ధి. ఆయనకు సిగ్గేసింది, షెడ్డులో ఎవరూ లేకపోయినా తలవంచుకుని పట్టాను మరోసారి తుడిచాడు.

ఫోను తీసి గొట్టానికి కొట్టాడు.

"ఒరేయ్, నువ్వు ఈ సీటు ఎప్పుడైనా వెనక్కి జరిపేవాడివా?"

"నేనెందుకు జరుపుతాను బావా, నాది సైలెన్సరు, అది బండి కింద ఉంటుంది. బోల్టు వేశావా?"

"వేస్తా. జిడ్డు తుడుస్తున్నా."

"సీటు విప్పావా? నిన్ను నమ్మి చిన్న బోల్టు అప్పజెప్పి వస్తే మొత్తం పీకి పెట్టావా? పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని ఊరికే అనలేదు. ఐదింటికి అక్క వచ్చేసరికి సీటుంటుందా, పీట వేస్తావా?"

"ఉంటుందిలేరా."

"బోల్టు మాత్రం మర్చిపోకు. అక్కకు మాటిచ్చాను, సీటు ఇక అంగుళం కూడా కదలదు, బతికున్నంతకాలం అక్కడే ఉంటుంది, భయపడకు అని."

"ఎప్పుడిచ్చావ్?"

"మొన్న, బుధవారం. సాయంత్రం వచ్చాను కదా, నువ్వు పైన ఎవరివో పళ్ళు రుద్దుతున్నావ్."

"ఏమంది?"

"ఏమంటుంది, సరేలేరా అంది."

ఫోను పెట్టేశాక కూడా ఆయన దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. బుధవారం సాయంత్రం గొట్టం చెప్పాడు. గురువారం పొద్దున, ముఖం కడుక్కోకుండా. తీగ లాగితే డొంకంతా కదులుతోంది గానీ, డొంకలో ఏముందో కనపడడం లేదు. ఆయన లేచి, సీటును ఒళ్ళోకి ఎత్తుకుని, అబ్బా అని మూలిగి, కారులోకి దూర్చి పట్టాల మీద కూర్చోబెట్టాడు, ముందు రెండు బోల్టులు పానాతో సగం తిప్పాడు, తర్వాత తానే ఎక్కి కూర్చున్నాడు, జీవితంలో మొదటిసారి కుడిపక్కన. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. సీటు కింద కడ్డీ పైకెత్తి కాళ్ళతో తన్నాడు, సీటు గరగరా వెనక్కి పోయి చివర టక్కుమని ఆగింది. ఆ టక్కు తనకు తెలుసు. ఎక్కడో విన్నాడు. ఎక్కడ? ముందు అద్దంలోంచి చూస్తే బానెట్టు కనపడడం లేదు, స్టీరింగు దూరంగా వేరేవాళ్ళ వస్తువులా ఉంది, ఎదురుగా షెడ్డు గోడ, దాని మీద సున్నం పెచ్చులు ఊడిన మచ్చ, గోడకు పైన గాలి కోసం వదిలిన జాగా, అందులోంచి పలచటి వెలుతురు, అంతే. చూడ్డానికేం లేదు. తలుపు వేసుకున్నాడు. వీధి చప్పుడు సగం తగ్గింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈ సీటు ఆమె ఒంటి తీరున గుంట పడి ఉంది, ఆయన ఒళ్ళు అందులో ఇమడలేదు, వేరేవాళ్ళ కట్టుడు పళ్ళు పెట్టుకున్నట్టుంది.

టక్కు. ఆ, పైన పనిగదిలో విన్నాడు. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో వీధి మొదట సైలెన్సరు చప్పుడు, తర్వాత గేటు, తర్వాత షెడ్డులోకి వచ్చి ఇంజను ఆగడం, ఆ వెంటనే ఈ టక్కు, సన్నగా, గోడల్లోంచి. అది చేతి బ్రేకు అనుకునేవాడు. ఇంజను ఆగిందంటే ఆయన రుద్దే పన్ను పక్కన పెట్టి కిందికి దిగి టీ నీళ్ళు పెట్టేవాడు. నీళ్ళు మరిగేవి, పాలు పొంగేవి, టీ కప్పులో పోస్తే దాని మీద మీగడ కట్టేది, ఆమె రాదు. షెడ్డుకూ ఇంటికీ మధ్య పన్నెండు అడుగులు. ఏ ఇరవై నిమిషాలకో కారు తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు, "బ్యాగు సర్దుకునేసరికి ఆలస్యమైందండీ." ఇరవై ఒక్క ఏళ్ళు. ఆ బ్యాగులో ఉండేవి ఎన్ని? ఒక కత్తెర, దూది, ఒక బీపీ చూసే పట్టీ. అన్నీ విప్పి చూసేవాడు, ఆ ఇరవై నిమిషాలను మాత్రం ఎన్నడూ విప్పి చూడలేదు, ఎందుకంటే వాటికి ఒక మూత ఉందని, మూత కింద ఏదో ఉందని తట్టనే లేదు. కోపం మాత్రం వచ్చేది, టీ చల్లారిందని.

ఏం చేసేది ఇక్కడ? ఏడ్చేదా? నిద్రపోయేదా? ఎవరితోనైనా ఫోనులో మాట్లాడేదా? పాటలు వినేదా? ఆ కారులో పాటల డబ్బా ఆరోనాడే చెడిపోయింది, చెడిపోలేదు, ఆయనే విప్పాడు. ఒక్కోరోజు ఎవరింట్లోనో ఎవరో పోయి ఉంటారు, ఆమె చేతుల్లోనే పోయి ఉంటారు, ఆమె వాళ్ళ కళ్ళు మూసి, ఇంటివాళ్ళకు చెప్పి, చేతులు కడుక్కుని బండి ఎక్కి ఉంటుంది. బతుకుతాడా నర్సమ్మా అని ఒకరు, ఎన్నాళ్ళు నర్సమ్మా అని ఒకరు, నొప్పి తెలుస్తుందా నర్సమ్మా అని ఇంకొకరు, పొద్దుటినుంచి అందరూ అడిగేవాళ్ళే. ఇంటికొస్తే తానున్నాడు. గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే, ఇవాళ ఎవరింటికి వెళ్ళావ్, ఆ ముసలాయన పుండు ఎలా ఉంది, ఎంత లోతు, చీము ఏ రంగు, ఆ పిల్ల మాట్లాడుతోందా, ఏమంది, నువ్వేమన్నావ్? ప్రేమతోనే అడిగేవాడు. ప్రేమతోనే, ఆత్రంతోనూ. ఆమె అన్నిటికీ జవాబు చెప్పేది, ఓపిగ్గా, మీగడ కట్టిన టీ తాగుతూ. ఒక్కోసారి రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ మధ్య కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు మూసుకోవడం ఇప్పుడు కనిపిస్తోంది ఆయనకు, ఎన్నో ఏళ్ళ వెనకటిది, ఈ సీట్లోంచి.

అంటే తనకోసం సిద్ధపడేదా ఇక్కడ కూర్చుని? పన్నెండు అడుగుల అవతల తానుండగా, తన దగ్గరకు రావడానికి ఇరవై నిమిషాలు పట్టేదా? అది తగిలింది. గట్టిగానే తగిలింది, ఛాతీలో ఎక్కడో, గొట్టం బెజ్జం వేసినట్టు. పొడుగు డాక్టరైనా బాగుండేదేమో, కనీసం కోపం తెచ్చుకోవచ్చు. కాకపోయి ఉండవచ్చు కూడా, ఏమో, తన గురించి అసలే కాకపోవచ్చు, అన్నిటికీ తానే కారణమనుకోవడం కూడా ఒక రకం గొప్పే. ఊరికే కూర్చునేదేమో. ఊరికే కూర్చోవడానికి కూడా మనిషికి చోటు కావాలి కదా, ఇంట్లో ఆ చోటు ఎక్కడుంది? పైన పనిగది తనది, తలుపు వేసుకుని రోజంతా కూర్చుంటాడు, ఎవరూ అడగరు. వంటిల్లు ఇద్దరిదీ. పడగ్గదిలో ఇప్పుడు మందుల బల్ల, మరుగుదొడ్డి కుర్చీ, చేతికర్ర, రోజూ వచ్చి కాలు వంచే అమ్మాయి. ఆమెకని ఏ గదీ లేదు, ఇరవై ఒక్క ఏళ్ళుగా ఉన్నదల్లా ఇది, పదకొండు అడుగుల పొడవు, నాలుగు చక్రాలు. ఇప్పుడు దీన్ని కూడా బాగుచేస్తున్నాం, నీ మంచికే, ఇక అంగుళం కూడా కదలదు అని తమ్ముడు వచ్చి చెప్పాడు. మైనం పిసికి నవ్విన మనిషి మర్నాడు అమ్మేద్దామనక ఏమంటుంది?

నాలుగూ ముప్పై ఐదు. బోల్టు చొక్కా జేబులో ఉంది, తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వేయకపోతే రెండో గాటు పట్టు నిలవదు, ఏదో ఒక రోజు బ్రేకు నెట్టేటప్పుడు సీటు జారుతుంది. వేస్తే నిలుస్తుంది, ఏడోది పోతుంది. గొట్టాన్ని అడిగితే పట్టా మార్చాలి బావా, ఈ మోడలుకు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది అంటాడు. బోల్టు పని ఏమిటి? పట్టుకోవడం. నట్టు పని? వదలకుండా ఉండటం. వదలకుండా ఉండాల్సింది నడిపేటప్పుడే కదా, ఆగాక ఎందుకు? ఆయన దిగి, పనిముట్ల డబ్బా కింద బోర్లించి, చేతికందిన కడ్డీలన్నీ గొట్టం వేసిన బెజ్జంలో దూర్చి చూశాడు. మేకు సన్నం. ఆకురాయి తోక వంకర. ఆకుపచ్చ పిడి ఉన్న పెద్ద స్క్రూడ్రైవరు, దాని ఉక్కు కాడ, మొదట్లో కొంచెం ఇరుకై, రెండుసార్లు ఆకురాయితో బెజ్జాన్ని రుద్దేసరికి సుతారంగా లోపలికి పోయింది, పట్టా రెండు పొరలనూ దాటి అటువైపు తేలింది. ఊడి రాకుండా రబ్బరు వాషరు తొడిగాడు, లాగితే వస్తుంది, ఊరికే రాదు. సీటు బోల్టులు నాలుగూ బిగించి, ఎక్కి కూర్చుని, రెండు కాళ్ళూ ముందు రేకుకు తన్నిపెట్టి వీపుతో శక్తికొద్దీ వెనక్కి నెట్టాడు. కదల్లేదు. ఇంకోసారి, పళ్ళు బిగించి. కదల్లేదు. పదిసార్లు చేశాడు, నడుం పట్టేసింది, అది వేరే సంగతి. స్క్రూడ్రైవరు లాగి, కడ్డీ ఎత్తి, వెనక్కి జరిపాడు. ఏడోదాకా పోయి ఆగింది. మళ్ళీ రెండోదానికి తెచ్చి కాడ గుచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది గూట్లో డబ్బా ఉందని, అరగంటగా దాని ఊసే తలచుకోలేదని. ఐదుకు పది నిమిషాలుండగా విప్పాడు, పిడి నిక్షేపంలా ఉంది, సీసా కోసిన గీతతో సహా, తీసి స్టీరింగు కింది కడ్డీ చివర బిగించాడు.

ఐదుకు చేతికర్ర చప్పుడయింది. నర్సమ్మ షెడ్డు గుమ్మంలో ఆగి, కారును కాదు, ముందు కడ్డీ చివర గులాబీ పిడిని చూసింది.

"ఇదేంటండీ, ఎవరి నోట్లోంచి పీకారు?"

"నీ చేతిలోంచే. కూర్చో."

ఆమె కర్ర ఆయనకిచ్చి, ముందు నడుం ఆనించి, ఎడమకాలు లోపల పెట్టి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టుకుంది. పిడి పట్టుకుంది. చేయి దాని మీద ఎక్కడికక్కడ సరిపోయింది. ముందుకు నెట్టింది, బ్రేకు దిగింది. దగ్గరకు లాగింది, వదిలింది. "బాగా చేశారు" అంది. రోగి ఇంటివాళ్ళతో మాట్లాడే గొంతు అది, అందులో ఏమీ దొరకదు. తర్వాత ఆమె కుడిచేయి తనంతట తానే సీటు కిందికి పోయింది, అక్కడి కడ్డీ ఎత్తింది. సీటు కదల్లేదు. చేయి అక్కడే ఆగిపోయింది.

"బిగించేశారుగా" అంది.

"కుడిపక్క కింద ఆకుపచ్చ పిడి ఉంది చూడు. దాన్ని లాగు."

ఆమె తడిమి, పట్టుకుని, లాగింది. స్క్రూడ్రైవరు బయటికొచ్చింది. దాన్ని కాసేపు చూసి, పక్కసీటు మీద పెట్టి, కడ్డీ ఎత్తి ఎడమకాలితో తన్నింది. సీటు వెనక్కి పోయి టక్కుమని ఆగింది. నర్సమ్మ భుజాలు కిందికి దిగాయి. పదకొండు నెలలుగా అవి పైకి ఉన్నాయన్న సంగతి దిగాకే ఆయనకు తెలిసింది.

"గొట్టం చెప్పాడు, ఇక కదలదని" అంది ఎదుటి గోడనే చూస్తూ. "అందుకే అమ్మేద్దామన్నాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"సగమే తెలుసులే."

"మిగతా సగం అడగరా?"

నాలుక చివర ఎనిమిది ప్రశ్నలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏడ్చేదానివా, నిద్రపోయేదానివా, నా వల్లేనా, మొదటిరోజు నుంచీనా. అడగాలని ప్రాణం లాగింది, నిజంగా లాగింది.

"అడగను" అన్నాడు.

"మీరే?" అని ఆమె తల తిప్పి ఆయన ముఖంలోకి చూసింది. జ్వరం ఉందేమో అన్నట్టు చూసింది, తర్వాత మళ్ళీ గోడ వైపు తిరిగింది. "రేపొచ్చేవాడికి ఫోను చేసి రావద్దని చెప్పండి. కర్ర ఇక్కడ ఆనించి, తలుపు వేసి వెళ్ళండి."

కర్ర కారుకు ఆనించి, తలుపు వేశాడు. షెడ్డు దాటి, పన్నెండు అడుగులు నడిచి, వరండాలో ఆగి ఫోను చేశాడు. బండి అమ్మడం లేదండీ, శ్రమపడి రావద్దు అన్నాడు. అవతలివాడికి నిరాశ, పైగా కాస్త కోపం. "అదేంటి సార్, నిన్నటిదాకా అమ్ముతామన్నారు కదా. అమ్మగారు మళ్ళీ నడుపుతారా ఏంటి?"

పళ్ళ మేస్త్రి ఒక క్షణం ఆలోచించాడు.

"అడగలేదండీ" అన్నాడు.